మా ఇల్లుండగా లాడ్జి ఎందుకు?

ఆ మధ్య ఓ సాయంత్రం అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసింది. గొంతు అదోలా ఉంది. ఒంట్లో బాగోలేదేమోనని కంగారుపడ్డాను. తీరా విషయం అది కాదు. మా మేనమామ కొడుకు భార్యాపిల్లలతో కారులో వచ్చి కనకదుర్గమ్మ దర్శనం చేసుకున్నాడట. దిగింది మాత్రం హోటల్లో. సాయంత్రం ఇంటికొచ్చి, అరగంట కూర్చుని, కాఫీ తాగి, పళ్ళ కవరు అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడట.

"మేనత్త ఇల్లు ఊళ్ళో పెట్టుకుని హోటల్లో దిగుతారటే! వాళ్ళ నాన్న ఎప్పుడొచ్చినా ఈ ఇంట్లోనేగా పక్క వేశాను. ఇప్పుడు నేనంత కానిదాన్నయ్యానా?" అని అమ్మ బాధ.

అయ్యో అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక నాకు నవ్వొచ్చింది. ఆ వెనకే మనసు చివుక్కుమంది. ఎందుకంటే, ఆ పక్కలు వెయ్యడానికి అమ్మ పడ్డ పాట్లు కళ్ళారా చూస్తూ పెరిగినదాన్ని నేను.

గాంధీనగరంలో మా ఇల్లు రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరం. అదే అమ్మ పాలిట వచ్చిపడింది. చెన్నై నుంచి వచ్చే లైను ఢిల్లీ వైపు, హౌరా వైపు చీలేది విజయవాడలోనే. గుంటూరు బండ్లు, మచిలీపట్నం బండ్లు, హైదరాబాద్ బండ్లు అన్నీ అక్కడ కలవాల్సిందే. ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కడానికి మధ్యలో ఐదారు గంటలు. ఆ ఐదారు గంటలు స్టేషన్లో ఎవరుంటారు, మా ఇల్లుండగా! నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, అంటే 90ల్లో, రాత్రి పదకొండింటికి గేటు చప్పుడైతే దొంగలనుకునేవాళ్ళం కాదు. చుట్టాలనుకునేవాళ్ళం.

ఫోన్లు ఎక్కడివి? ఉత్తరం రాస్తే రాసినట్టు, లేకపోతే లేదు. హోల్డాలూ, ట్రంకుపెట్టే, మరచెంబూ, వెనక పిల్లలూ. నాన్న లేచి "రండి రండి, మన ఇల్లుండగా లాడ్జి ఎందుకు?" అని నోరారా పిలిచేవారు. ఆ పిలుపు పూర్తయ్యేలోపే అమ్మ కిరసనాయిలు స్టౌ వెలిగించి ఎసరు పెట్టేది. మామూలు రోజుల్లో అందరం పడుకునే గదిలో వాళ్ళు, మేం వరండాలో, అమ్మ వంటింట్లో చాప మీద. తెల్లవారుజామున నాలుగింటికి వాళ్ళ బండి. మూడింటికే అమ్మ లేచి కాఫీ ఫ్లాస్కులో పోసి, దారిలోకి పులిహోర కట్టి ఇవ్వాలి. వెళ్ళేటప్పుడు వాళ్ళు నాన్న చెయ్యి పట్టుకుని "బావగారూ, మీ మర్యాద మరిచిపోలేం" అనేవారు. మర్యాద బావగారిది, మోకాళ్ళ నొప్పులు అక్కయ్యగారివి!

ఇదేదో నాన్నని దెప్పడానికి చెప్పడం లేదు. ఆయన ప్రేమ నిజమైనదే. కానీ ఒక సంగతి నాకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. చుట్టాలు మా ఇంటికి వచ్చింది ఒక్క ప్రేమ వల్లే కాదు, రైళ్ళ టైముల వల్ల కూడా. మా పెద్దమ్మ ఇల్లు ఊరవతల ఉండేది. ఆవిడ మా అమ్మకన్నా కలుపుగోలు మనిషి. అయినా ఆవిడ ఇంట్లో దిగేవాళ్ళు నూటికి ఒకరు. అంటే, మనిషి ఎక్కడ దిగాలన్నది మనసు ఎంత నిర్ణయిస్తుందో దారి కూడా అంతే నిర్ణయిస్తుంది.

ఇది ఇవాళ్టి మాట కాదు. కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు మీరంతా వినే ఉంటారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ మహాతల్లి, వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టింది. ఆవిడ దాతృత్వం గురించి చెప్పుకుంటాం గానీ, అంతమంది ఆ గుమ్మంలోకే ఎందుకు వచ్చారన్నది ఆలోచించం. అది గోదావరి పాయ పక్కన ఊరు. పడవ దాటితే గానీ ప్రయాణం సాగని రోజులు. పొద్దుగూకి రేవులో పడవ ఆగిపోతే బాటసారి ఆకలితో ఆగిపోవాల్సిందే. ఆ ఆగిపోయిన చోట ఒక ఇల్లాలి పొయ్యి ఆరకుండా ఉంది. ఇప్పుడు అక్కడ పాయ మీద కట్టిన కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు. దాని మీద బండ్లు నిమిషాల్లో దాటిపోతాయి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరు పెట్టారు. సంతోషమే. కానీ ఆవిడ గుమ్మం ముందు ఆగాల్సిన అవసరం ఇప్పుడు ఏ బాటసారికీ లేదు. అది బాటసారి తప్పు అంటామా?

మరి మా మేనమామ కొడుకు తప్పు ఏమిటి? వాళ్ళ నాన్న రైలు కోసం ఆగాడు. ఇతను తన కారులో తన టైముకి వచ్చాడు. వందే భారత్ రైలు 2023 జనవరిలో సికింద్రాబాద్ నుంచి విశాఖకి, అదే ఏడాది ఏప్రిల్‌లో తిరుపతికి మొదలైంది. ఎనిమిదిన్నర గంటల్లో దింపేస్తోంది. ఇంక దారిలో రాత్రి ఎవరింట్లో పడుకోవాలి? ఫోన్లో గది బొమ్మ, బాత్రూమ్ బొమ్మ, కారు పెట్టుకునే చోటు చూసుకుని, ఇంట్లోంచి కదలకముందే గది ఖాయం చేసుకుంటున్నారు. పిల్లలు ఏసీ లేకపోతే పడుకోరు. పెద్దాయనకి వెస్ట్రన్ టాయిలెట్ లేకపోతే కుదరదు. ఇవన్నీ నోరు విడిచి చుట్టాల్ని అడగలేరుగా.

మా హైదరాబాద్ సంగతే చూడండి. అమెరికా వీసా కోసం మన పిల్లలు ఒకప్పుడు చెన్నై పరిగెత్తేవారు. అక్కడ ఎంత దూరపు చుట్టమున్నా వెతికి పట్టుకునేవారు. 2009లో హైదరాబాద్ బేగంపేటలో వీసాలివ్వడం మొదలయ్యాక ఆ చుట్టరికాలు చెన్నై నుంచి ఇటు మళ్ళాయి. కాన్సులేట్ 2023లో నానక్‌రామ్‌గూడకి మారాక, గచ్చిబౌలి దగ్గరుండే మా ఆడపడుచు ఒక్కసారిగా అందరికీ ఆప్తురాలైపోయింది! విమానాశ్రయం బేగంపేటలో ఉన్నప్పుడు అమెరికా వెళ్ళే పిల్లాణ్ణి సాగనంపడానికి జీపుడు మంది వచ్చి ఊళ్ళో చుట్టాలింట్లో దిగేవారు. 2008లో అది శంషాబాద్ వెళ్ళాక నేరుగా కారులో అక్కడికే వెళ్ళి, కన్నీళ్ళు తుడుచుకుని, అటునుంచి అటే వెనక్కి వెళ్ళిపోతున్నారు. చుట్టరికం తగ్గిందని కాదు, దారి మారింది.

పైగా లాడ్జిని మరీ అంత చిన్నచూపు చూడక్కర్లేదంటాను. పాతకాలపు సత్రాలు గొప్పవే. కానీ శ్రీశైలం వెళితే ఈనాటికీ కులానికో సత్రం కనిపిస్తుంది. ఒక కులం పేరు చెబితే తలుపు తెరుచుకుంటుంది, ఇంకో పేరు చెబితే తెరుచుకోదు. ఏ సత్రమూ లేని కులాలవాళ్ళు చెట్టుకిందే పడుకున్న రోజులున్నాయి. చుట్టాలిల్లు కూడా ఆ మాటకొస్తే కులం లోపలి ఏర్పాటే కదా. లాడ్జి రిజిస్టర్లో కులానికి గడి లేదు. డబ్బు అడుగుతుంది, గుర్తింపు కార్డు అడుగుతుంది, అంతే.

ఈ మాట నేనే అంటున్నాను గానీ, "అంతే" అనడానికి నాకే మనసొప్పడం లేదు. కారణం చెబుతాను.

రెండేళ్ళ క్రితం కథల మీద ఏదో సభ ఉందని పిలిస్తే ఒక జిల్లా కేంద్రానికి ఒంటరిగా వెళ్ళాను. సభ అయ్యేసరికి రాత్రి ఎనిమిదైంది. తిరుగు బండి తెల్లవారి. బస్టాండు ఎదురుగా శుభ్రంగా కనిపించిన లాడ్జికి వెళ్ళి గది అడిగాను. కౌంటర్లో కుర్రాడు నా వెనక్కి చూశాడు. ఇంకెవరైనా వస్తారేమోనని! "ఒక్కరేనా? సింగిల్ లేడీస్‌కి ఇవ్వమండీ" అన్నాడు. ఆధార్ కార్డు చూపించాను. సభవాళ్ళ కరపత్రంలో నా పేరు చూపించాను. చివరికి "మీ సార్ నంబరివ్వండి" అన్నాడు. మావారికి ఫోన్ కలిపాడు. ఆయన "అవునండీ, మా ఆవిడే" అన్నాక తాళం చేతికొచ్చింది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నా డిగ్రీ, నా కార్డు, నా చేతిలో డబ్బు, ఏదీ పనికిరాలేదు. నూటయాభై మైళ్ళ దూరంలో కుర్చీలో కూర్చున్న మనిషి గొంతు పనికొచ్చింది. మరి "అవునండీ, మా ఆవిడే" అనేవాళ్ళు లేనివాళ్ళ గతేమిటి? పెళ్ళికానివాళ్ళు, భర్త పోయినవాళ్ళు, విడిపోయి బతుకుతున్నవాళ్ళు, ఉద్యోగం పరీక్షకి వచ్చిన ఆడపిల్లలు రాత్రి ఎక్కడ తలదాచుకోవాలి? ఒంటరి ఆడదానికి గది ఇవ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు. "ఎందుకొచ్చిన గొడవ" అనుకునే ఓనరు పెట్టుకున్న చట్టం అది.

1989 రైల్వే చట్టంలో ఒక సంగతి ఉంది. మగతోడు లేకుండా ప్రయాణించే స్త్రీ టికెట్ లేకుండా దొరికినా సరే, ఎక్కడపడితే అక్కడ దించెయ్యకూడదు. ఎక్కిన స్టేషన్లోనో, జంక్షన్‌లోనో, చివరి స్టేషన్లోనో, జిల్లా కేంద్రంలోనో దించాలి. అదీ పగటిపూట మాత్రమే. టికెట్ లేని ఆడదాని రాత్రి గురించి రైలువాళ్ళు అంత ఆలోచించారు. డబ్బు కడతానన్న ఆడదాని రాత్రి గురించి లాడ్జివాళ్ళు ఆలోచించకపోతే ఎలా?

ఇది ఏదో నా ఒక్కదాని గోడు అయితే ఇంత రాయను. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆ బస్సుల మీద ఎన్ని జోకులు వేశారో మగమహారాజులు! వేసుకోనివ్వండి. నేను చూసింది మాత్రం వేరు. పుట్టింటికి వెళ్ళడానికి ఛార్జీ డబ్బులు అడిగి మాట పడాల్సివచ్చే ఇల్లాళ్ళు ఇప్పుడు అడక్కుండా బయల్దేరుతున్నారు. యాదగిరిగుట్టకీ, వేములవాడకీ నలుగురైదుగురు కలిసి వెళ్తున్నారు. ఇంట్లోంచి కాలు బయటపెట్టడానికి మగవాళ్ళ సెలవు కోసం ఎదురుచూడటం తగ్గింది.

కానీ బస్సు ఉచితమైనంత మాత్రాన సరిపోయిందా? వెళ్ళిన చోట రాత్రి ఎలా? అందుకే చాలామంది పొద్దున వెళ్ళి సాయంత్రానికి పరిగెత్తుకొస్తున్నారు. దర్శనం ఆలస్యమైతే మంటపంలోనో, బస్టాండు బెంచీ మీదో కొంగు కప్పుకుని కూర్చుంటున్నారు. ఆడవాళ్ళ ప్రయాణం మారింది గానీ వాళ్ళు ఆగే చోటు ఇంకా మారలేదు. నా మాటల్లా ఇదే. బస్సు టికెట్ మీద పెట్టిన శ్రద్ధలో కొంత గది తలుపు మీద కూడా పెట్టాలి. పెద్ద బస్టాండుల్లో, గుళ్ళ దగ్గర ఆడవాళ్ళకి ప్రత్యేకంగా ఒక డార్మిటరీ ఉండాలి. గొళ్ళెం సరిగా పడే బాత్రూమ్, సామాను పెట్టుకునే బీరువా, రాత్రి కాపలాకి ఓ ఆడమనిషి ఉంటే చాలు. ఏసీ ఎవరడిగారు? రైల్వే స్టేషన్లలో రిటైరింగ్ రూములు, డార్మిటరీలు ఉన్నాయి. ఖరారైన టికెట్ ఉంటే ఐఆర్‌సీటీసీ ద్వారా ఇంటినుంచే బుక్ చేసుకోవచ్చు. ఇది చాలామంది ఆడవాళ్ళకి తెలీదు. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి చెప్పాలి.

ఇంకో సంగతి. హోటళ్ళతో మొహం మొత్తినవాళ్ళు ఇప్పుడు మళ్ళీ "ఇంటి వాతావరణం, ఇంటి భోజనం" అంటున్నారు. హోమ్‌స్టేలని వస్తున్నాయి. అరకు వైపు కొండల్లో, కోనసీమ కొబ్బరితోటల్లో ఇళ్ళల్లోనే గదులు అద్దెకిస్తున్నారు. కేంద్ర పర్యాటక శాఖ పథకం ప్రకారం యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే కాపురం ఉండాలి, అద్దెకిచ్చే గదులు ఆరు దాటకూడదు. 2025 ఫిబ్రవరి బడ్జెట్లో హోమ్‌స్టేలకి ముద్ర రుణాలిస్తామని కూడా ప్రకటించారు. మంచిదే. నాకు ఒక్కటే అనుమానం. ఆ ఇంటి భోజనం వండేది ఎవరు? దుప్పట్లు ఉతికేది ఎవరు? మూడింటికి లేచి కాఫీ పెట్టేది ఎవరు? అమ్మ చేసిన పనే కదా! అప్పుడు దానికి మర్యాద అని పేరు, ఇప్పుడు వ్యాపారం అని పేరు. పేరు మారినప్పుడు లెక్క కూడా మారాలి. హోమ్‌స్టే పెట్టే అక్కచెల్లెళ్ళకి నేను చెప్పేది ఒకటే: రుణం మీ పేరున తీసుకోండి, బోర్డు మీద మీ పేరుండాలి, అద్దె మీ ఖాతాలో పడాలి. లేకపోతే మీ ఇల్లు ఇంకో గాంధీనగరం ఇల్లవుతుంది. మర్యాద ఆయనకీ, నొప్పులు మీకూ.

ఇదంతా నేను అమ్మకి చెప్పాను. ఆ మధ్య వెళ్ళినప్పుడు చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాం. "నిజం చెప్పమ్మా, ఆ చాకిరీ అంతా మళ్ళీ కావాలా నీకు? వాళ్ళు హోటల్లో దిగితే నీకు హాయి కదా?" అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అంది:

"చాకిరీ ఎవరిక్కావాలే? నడుం విరిగిపోయేది. కానీ నేనెక్కడికైనా వెళ్ళానా, ఏమైనా చూశానా? కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు కాశీ చెప్పేవారు. ఢిల్లీ వెళ్ళేవాళ్ళు ఢిల్లీ చెప్పేవారు. మా అక్క వస్తే రాత్రంతా వంటింట్లో చాప మీద పడుకుని మాట్లాడుకునేవాళ్ళం. చుట్టాలు రావడం మానేస్తే ఆ మాటలూ పోయాయి. నాకు ఇప్పుడు టీవీ తప్ప ఇంకేముంది?"

నేను నోరు మూసుకున్నాను. అమ్మ అడుగుతోంది అతిథుల్ని కాదు, బయటి ప్రపంచాన్ని. ఇంట్లోంచి కదలనివ్వకుండా ఉంచిన మనిషికి గుమ్మంలోకి వచ్చే చుట్టమే ప్రయాణం. ఆ చుట్టం హోటల్‌కి మళ్ళిపోతే ఆవిడకి ఆ కాస్త ప్రయాణమూ లేదు. చుట్టాలకి హాయి అయింది, నాలాంటి ఇల్లాళ్ళకి హాయి అయింది. మధ్యలో అమ్మలాంటివాళ్ళు మిగిలిపోయారు.

అంచేత నా అభిప్రాయం ఇది. మీరు ఏ ఊరు వెళ్ళినా మీకు నచ్చిన చోట దిగండి. అది తప్పూ కాదు, అవమానమూ కాదు. ఇంట్లోవాళ్ళు కూడా "మా ఇల్లుండగా" అని నిష్ఠూరమాడొద్దు. కానీ వెళ్ళినప్పుడు పళ్ళ కవరు ఇచ్చి అరగంటలో లేచిపోకండి. ఒక పూట ఉండండి. భోజనం బయట నుంచి తెప్పించండి, ఆ పూట ఆవిణ్ణి వంటింట్లోకి పోనివ్వకండి. ఎక్కడెక్కడ తిరిగారో చెప్పండి. కుదిరితే "మీరూ రండి పిన్నీ" అని కారులో ఎక్కించుకుని తీసుకెళ్ళండి. ఇన్నాళ్ళూ మనకి పక్కలు వేసినవాళ్ళకి ఒక రాత్రి వేరేవాళ్ళు వేసిన పక్క మీద పడుకునే భాగ్యం కలిగించండి.

ఈ మాట రాసే ముందు నేనే పాటించాలి కదా. కార్తీకం హడావిడి తగ్గాక అమ్మనీ, పక్కింటి ఇద్దరు ఆంటీలనీ అన్నవరం పంపించాను. ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మారి మారి వెళ్ళారు. రెండు రాత్రులకి కొండ కింద గది నేనే ఫోన్లో మాట్లాడి ఖాయం చేశాను. ఎందుకైనా మంచిదని ముందే అడిగాను, "ముగ్గురూ ఆడవాళ్ళేనండీ, అభ్యంతరమా?" అని. ఆయన నవ్వి, "అమ్మా, ఈమధ్య మాకు వచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళే" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి అమ్మ ఫోన్. మళ్ళీ గొంతు అదోలా ఉంది. ఈసారి కూడా కంగారుపడ్డాను.

"ఏం లేదే... లాడ్జి కుర్రాడు తలుపు కొట్టి కాఫీ ఇచ్చి వెళ్ళాడు. నేను లేవకముందే కాఫీ వచ్చింది" అంది అమ్మ.